ఆట ఇటుకకు కొలతలు

ఇటుకలు కోయువాడు చెక్క అచ్చులో బంకమన్ను నింపి నేలపై బోర్లించును. ఒకే అచ్చునుండి వచ్చిన ఇటుకలన్నియు ఇంచుమించు ఒకే కొలతతో నుండును. ఆ ‘ఇంచుమించు’ను గోడ కట్టు మేస్త్రి సున్నముతోనో సిమెంటుతోనో సరిచేసికొనును. కాని పిల్లలు ఆడుకొను ప్లాస్టిక్ ఇటుకలకు ఆ సౌకర్యము లేదు. వాటి నడుమ సిమెంటు లేదు, జిగురు లేదు. ఒక ఇటుకపైనున్న బొడిపె మరియొక ఇటుక అడుగున దూరి బిగిసిన బిగువే వాటిని నిలుపుచున్నది. కావున అచ్చట ‘ఇంచుమించు’ పనికిరాదు. ఇట్టి ఇటుక నొకదానిని కంప్యూటరులో గీయుట ఎట్లో, ఆ పనికి మన బడిలో తెలుగున నేర్పు గణితము ఎంతవరకు ఉపకరించునో తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఈ ఇటుక పుట్టుపూర్వోత్తరములను గూర్చి కొంచెము చెప్పవలెను. డెన్మార్కు దేశమున బిలుండ్ అను చిన్న ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్సన్ అను వడ్రంగి యుండెను. 1932లో ఆయన కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. 1934లో తన సంస్థకు ‘లెగో’ అని పేరు పెట్టెను. ‘చక్కగా ఆడుము’ అను అర్థము నిచ్చు రెండు డేనిష్ మాటలను కలిపి కూర్చిన పేరది. ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అను నాయన అంతకుముందే ఒకదానిపై నొకటి అమరు ప్లాస్టిక్ ఇటుకలను చేసియుండెను. వాటి ననుసరించి 1949లో లెగో సంస్థయు అట్టి ఇటుకలను చేయ మొదలిడెను. ఆ తొలి ఇటుకల అడుగుభాగము కేవలము బోలు. అవి ఒకదానిపై నొకటి నిలుచునేగాని గట్టిగా పట్టుకొనవు. ఓలె కుమారుడు గోట్‌ఫ్రెడ్ కాలమున, 1958 జనవరి 28వ తేదీన, అడుగున గొట్టములు గల ఇటుకకు పేటెంటు కోరుచు దరఖాస్తు చేసిరి. పట్టు చిక్కినది ఆ గొట్టముల వలననే. ఆనాటి కొలతలు నేటికిని మారలేదు. 1958 నాటి ఇటుక నేటి ఇటుకతో బిగియును.

నేను హోసూరులో యంత్రభాగముల నమూనాలను కంప్యూటరుపై గీయు పనిలో నున్నాను. సెలవు దినములలో పాలకోడు వచ్చినప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అక్క కుమారుడు ఇట్టి ఇటుక నొకటి చేతబట్టుకొని, “మామా, దీన్ని నీ కంప్యూటరులో గీయొచ్చునా?” అని యడిగెను. “గీయొచ్చు. నువ్వే గీస్తావు, కూర్చో” అంటిని. ప్రక్కనే టొమాటోలు ఏరుచున్న మా అక్క తలయెత్తి, “వాడు చదివేది తెలుగులో కదరా! ఆ పనులు వాడికెట్లా వస్తాయి?” అనెను. అది ఎగతాళి కాదు, తల్లి దిగులు. మన ప్రాంతమున తెలుగు బడికి పిల్లలను పంపు తల్లిదండ్రులలో చాలమంది మనస్సున నున్న దిగులే అది. నాటి సాయంత్రము మేము చేసిన పనిని వరుసగా చెప్పెదను. దానినిబట్టి మీరే ఆలోచింపుడు.

మొదటి పని కొలుచుట. సామాన్యశాస్త్రమున మీరు చదివిన వెర్నియర్ కాలిపర్స్ ఇందుకు చాలును. దాని కనీసపు కొలత మిల్లీమీటరులో పదవ వంతు. ఇటుకపై రెండు వరుసలలో, వరుసకు నాలుగు చొప్పున, ఎనిమిది బొడిపెలు కలవు. ఒక బొడిపె కేంద్రమునుండి ప్రక్క బొడిపె కేంద్రమునకు దూరము 8 మి.మీ. బొడిపె వ్యాసము 4.8 మి.మీ.; ఎత్తు సుమారు 1.7 మి.మీ. బొడిపెను విడిచి ఇటుక ఎత్తు 9.6 మి.మీ. ఆ లెక్కన నాలుగు బొడిపెల ఇటుక పొడవు 32 మి.మీ. ఉండవలెను గదా! కొలిచిన 31.8 మాత్రమే వచ్చును. వెడల్పును 16కు బదులు 15.8 వచ్చును. ప్రతి ప్రక్కను పదవ వంతు మిల్లీమీటరు తగ్గించినారన్నమాట. రెండు ఇటుకలు ప్రక్కప్రక్కన కూర్చున్నప్పుడు ఒకదానినొకటి ఒరసికొనకుండుటకే ఈ సందు.

గోడ మందము 1.5 మి.మీ. అని తీసికొందము. 15.8లో రెండు గోడల మందము 3 తీసివేసిన లోపలి వెడల్పు 12.8 మిగులును. రెండు బొడిపెల వెలుపలి అంచులనడుమ దూరము లెక్కింపుడు: కేంద్రములనడుమ 8, దానికి ఇరువైపుల వ్యాసార్థములు కలిపి 4.8, మొత్తము 12.8. రెండును సరిగా ఒకటే! పైయిటుక గోడలు క్రిందియిటుక బొడిపెలను ఇరువైపులనుండి పట్టుకొనుటకు కారణమిదియే.

ఇక నడిమి గొట్టము సంగతి. నాలుగు బొడిపెలనడుమ మిగిలిన చోట ఈ గొట్టము దూరి, నాలుగింటిని తాకవలెను. దాని వ్యాసమెంత? నాలుగు బొడిపెల కేంద్రములను కలిపిన 8 మి.మీ. భుజము గల చతురస్ర మేర్పడును. పైథాగరస్ సిద్ధాంతము ప్రకారము దాని కర్ణము 8ని 2 యొక్క వర్గమూలముచే గుణింపగా వచ్చు 11.31 మి.మీ. అందుండి రెండు బొడిపెల వ్యాసార్థములు, అనగా 4.8, తీసివేసిన 6.51 మిగులును. పిల్లవాడు మొదట కాగితముపై ఈ లెక్క చేసెను. పిమ్మట గొట్టమును కొలిచెను. కాలిపర్సు 6.5 చూపెను. వాని ముఖమున నా క్షణమున కనబడిన వెలుగు నాకింకను జ్ఞాపకమున్నది. పరీక్షకొరకు చదివిన సిద్ధాంతము వాని యరచేతిలోని ఆటవస్తువులో దాగియున్నది.

పిమ్మట కంప్యూటరు తెరచితిమి. మేము వాడినది ఫ్రీక్యాడ్ అను సాఫ్ట్‌వేరు. దీనికి వెల లేదు; ఎవరైనను తెచ్చుకొని వాడుకొనవచ్చును. 2002లో మొదలైన ఈ సాఫ్ట్‌వేరు అనేకుల స్వచ్ఛంద కృషివలన పెరిగి 2024 నవంబరులో 1.0 అను సంఖ్యతో వెలువడినది. ఇందులో ఘనాకారములను గీయు పద్ధతి సులభమైనది. ముందుగా సమతలముపై బొమ్మ గీయవలెను. దానినే స్కెచ్ అందురు. తరువాత దానికి ఎత్తు నియ్యవలెను.

దీర్ఘచతురస్రము నొకదానిని గీసినంతమాత్రమున పని ముగియదు. దానికింకను నాలుగు స్వేచ్ఛలు మిగిలియున్నవని తెర చెప్పును. పొడవు మారవచ్చును, వెడల్పు మారవచ్చును, బొమ్మ యంతయు అడ్డముగా జరుగవచ్చును, నిలువుగా జరుగవచ్చును. పొడవు 31.8 అనియు, వెడల్పు 15.8 అనియు చెప్పి, ఒక మూలను మూలబిందువుపై నిలిపినచో నాలుగు స్వేచ్ఛలును తీరిపోవును. అప్పుడు బొమ్మ ఆకుపచ్చగా మారును. మనస్సులో నున్నదానిని ఏమియు మిగులకుండ చెప్పితిమనుటకు ఆ రంగే గుర్తు. ‘ఎట్లో సర్దుకొనును’ అన్న మాట కంప్యూటరుకు తెలియదు.

ఆ బొమ్మకు 9.6 మి.మీ. ఎత్తునిచ్చిన దిమ్మ యేర్పడును. దాని అడుగుముఖమును ఎన్నుకొని, 1.5 మి.మీ. గోడలు మిగులునట్లు లోపల తొలిపించితిమి. పైముఖమున ఒక మూలకు, రెండు అంచులనుండియు 3.9 మి.మీ. దూరమున, 4.8 వ్యాసము గల వృత్తము గీసి 1.7 ఎత్తునిచ్చితిమి. అది మొదటి బొడిపె. తక్కిన ఏడింటిని గీయనక్కరలేదు. పొడవున 24 మి.మీ. మేర నాలుగు, వెడల్పున 8 మి.మీ. మేర రెండు అని ఆజ్ఞాపించిన ఎనిమిదియు వరుసగా నిలిచినవి. 3.9, 24, 3.9 కలిపి చూడుడు, 31.8 వచ్చును. అడుగున ఏకకేంద్ర వృత్తములను రెంటిని, 6.51, 4.8 వ్యాసములతో గీసి, 8.1 మి.మీ. ఎత్తునిచ్చి, అట్టివి మూడు నిలిపితిమి. ఇటుక పూర్తియైనది. రెండు గంటలు పట్టినది.

ఇప్పుడు మా అక్క ప్రశ్నకు వత్తము. తెరపై మాటలు ఆంగ్లములో నుండుట నిజమే. వాటిని నేర్వవలసినదే. కాని అవి ఎన్ని? ఈ పనికి ఇరువది మాటలు మించలేదు. ఆ మాటల వెనుకనున్న భావములు ఏవి? సమాంతరము, లంబము, సమానము, సౌష్ఠవము, స్పర్శరేఖ, కేంద్రము, వ్యాసార్థము. ఇవన్నియు మన తెలుగు గణితపుస్తకమున నున్నవే. పిల్లవాడు ఏకకేంద్ర వృత్తమనగా నేమో ఎరిగియున్నాడు. దానికి తెరపై నున్న గుర్తు ఏదో మాత్రమే నన్నడిగెను. భావము తెలియనివాడు ఆంగ్లమాట చదువగలిగినను గొట్టము వ్యాసము కనుగొనలేడు. భావము తెలిసినవానికి మాట ఒక పూటలో పట్టువడును. పైగా 2006 నాటి చట్టము ననుసరించి మన పిల్లలు తమిళమును కూడ చదువుచున్నారు. మనము వృత్తమన్నదానిని తమిళమున వట్టమందురు, వ్యాసమును విట్టమందురు, వ్యాసార్థమును ఆరమందురు. ఒకే వస్తువును రెండు పేర్లతో పిలుచుట అలవడిన పిల్లవానికి మూడవ పేరు పెనుభారము కాదు.

గీసిన ఇటుకను వస్తువుగా చేయుటకు త్రీడీ ప్రింటరను యంత్రము కలదు. అది ప్లాస్టిక్ తీగను కరగించి, సాధారణముగా 0.4 మి.మీ. రంధ్రము గుండ పొరపై పొరగా పేర్చును. ప్లాస్టిక్ చల్లారినప్పుడు కొంచెము ముడుచుకొనును. కావున తెరపై 4.8 అని గీసిన బొడిపె చేతికి వచ్చునప్పటికి సరిగా 4.8 ఉండదు. ఒక యంత్రమున బిగువు హెచ్చును, మరియొక యంత్రమున వదులగును. ఇందుకు ఉపాయమేమనగా, ముఖ్యమైన కొలతలను ఒక పట్టికలో వ్రాసి, బొమ్మలోని గీతలన్నిటిని ఆ పట్టికకు ముడివేయుట. పట్టికలో ఒక్క అంకెను మార్చిన ఎనిమిది బొడిపెలును ఒక్కసారి మారును. పదవ వంతు చొప్పున మార్చి చూచుచు, ఆ యంత్రమునకు తగిన బిగువును కనుగొనవచ్చును.

మన తెలుగునాట ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపట్టి, లక్కరంగులద్ది బొమ్మలు చేయుదురు. కొండపల్లిలో పొనికి కర్రతో చెక్కుదురు. ఆ పనివాని కొలత వాని చేతిలో నుండును. ఆ బొమ్మ తనంతట తానే సంపూర్ణము. రెండు బొమ్మలు అచ్చముగా ఒకే తీరున లేకున్నను లోపము లేదు. ఆట ఇటుక అట్లు కాదు. తాను ఎన్నడును చూడని మరియొక ఇటుకతో అది కలియవలెను. అందుచేత దాని కొలత చేతినుండి వెలువడి అంకెలలోనికి రావలెను. రెండును గొప్ప విద్యలే. మొదటిది గురువు ప్రక్కన కూర్చుండి నేర్వవలెను. రెండవది కాగితముపై వ్రాసి ఎంత దూరమైనను పంపవచ్చును. మన ప్రక్కనున్న హోసూరు కర్మాగారములలో మోటారు వాహనములు, గడియారములు తయారగుట ఈ రెండవ విద్య వలననే.

చివరగా విద్యార్థులకొక లెక్క. ఒకే రంగు గల ఇట్టి ఇటుకలు రెంటిని ఒకదానిపై నొకటి ఎన్ని విధముల అమర్చవచ్చును? పైయిటుకను సమాంతరముగా నుంచిన 7ను 3చే గుణింపగా 21 చోట్లు, అడ్డముగా త్రిప్పి యుంచిన 5ను 5చే గుణింపగా 25 చోట్లు, మొత్తము 46 వచ్చును. ఇందు చాలవరకు, జంటను అరచుట్టు త్రిప్పి చూచిన, మరియొక దానివలెనే కనబడును. త్రిప్పినను తనవలెనే యుండునవి రెండు మాత్రమే. కావున వేరువేరు అమరికలు 24. ఇటుకలు ఆరైనచో? 10,29,81,500 విధములని చాలకాలము చెప్పుచుండిరి. అది ఆరింటిని గోపురమువలె ఒకదానిపై నొకటి పేర్చిన లెక్క మాత్రమే. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన గణితశాస్త్రజ్ఞుడు సోరెన్ ఐలర్స్ అన్ని అమరికలను కంప్యూటరుచే లెక్కింపించి 91,51,03,765 అని తేల్చెను.

ఆరు ఇటుకలకు ఆ సంఖ్య పెద్దదే. కాని మీరు మొదట ఒక్క ఇటుకను గీయుడు. కంప్యూటరు లేనివారు గళ్ల కాగితముపై, ఒక్కొక్క మిల్లీమీటరును పదింతలు చేసి గీయవచ్చును; గొట్టము నాలుగు బొడిపెలను తాకుట కంటికి కనబడును. తల్లిదండ్రులు, పిల్లవాడు ఏ భాషలో చదువుచున్నాడని చింతించుటకు ముందు, చదివినదానితో ఒక వస్తువును కొలిచి చూచెనా యని యడుగవలెనని నా మనవి.