నేపర్‌విల్ చుట్టూ మన గుళ్ళు, మూడు నదులు

చికాగోకు పడమరగా సుమారు 30 మైళ్ళ దూరంలో, డుపేజ్ నది ఒడ్డున ఉంది మా నేపర్‌విల్. 1831లో జోసెఫ్ నేపర్ స్థాపించిన ఊరు. ఈ రోజుల్లో సాయంత్రం పూట రివర్‌వాక్ మీద నడిస్తే తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు.

ఇక్కడి మన పిల్లల్ని స్కూల్లో స్నేహితులు మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. మీ మతాన్ని ఎవరు స్థాపించారు? మీ గ్రంథం ఏది? మీకు ఎంతమంది దేవుళ్ళు? మొదటి రెండూ సులువే. స్థాపకుడంటూ ఒకరు లేరు. వేదాలు, ఉపనిషత్తులు, గీత, రామాయణ భారతాలు ఉన్నాయి గాని, అందరికీ ఒకటే పుస్తకం అన్న నియమం లేదు. మూడోదే చిక్కు. దానికి కారెక్కాల్సిందే.

పక్క ఊరు అరోరాలో, ఫాక్స్ నది పారే చోట, బాలాజీ గుడి ఉంది. ఇటు లెమాంట్‌లో, డెస్ ప్లెయిన్స్ నది లోయ పైన, రామాలయం. రెండూ 1986లో వెలసినవే. లెమాంట్‌లో ఒకే కొండ మీద రాముడికో గుడి, వినాయకుడు, శివుడు, దుర్గలకు ఇంకో గుడి. శైవ వైష్ణవ తగాదాలు పుస్తకాల్లో చదివిన నాకు అది చూస్తే ముచ్చటేస్తుంది.

అక్కడే మా అమ్మాయి అడిగింది: "నానమ్మా, హనుమంతుడు భక్తుడు కదా? భక్తుడికి మనం దణ్ణం పెట్టడమేంటి?"

"ఆయన గుండెల్లో రాముడున్నాడు తల్లీ. దేవుడు ఎక్కడుంటే అక్కడ దణ్ణం పెడతాం. నీలోనూ ఉన్నాడు," అన్నారు మా అత్తగారు.

"అయితే నాకూ పెడతావా?"

ఆవిడ నవ్వలేదు. చేతులు జోడించి నిలబడ్డారు. పిల్ల సిగ్గుపడి, తనూ జోడించింది. ఉపనిషత్తులు చెప్పేదీ అదే: ఉన్నది ఒక్కటే, అది అన్ని ప్రాణుల్లోనూ ఉంది. ఆ ఒక్కటీ జీవుడూ వేరా కాదా అని శంకరులు, రామానుజులు, మధ్వులు మూడు రకాలుగా చెప్పారు. ముగ్గురూ మనకు ఆచార్యులే.

తిరుగు దారిలో కర్మ సంగతి వచ్చింది. ఎవడైనా జారిపడితే ఇక్కడి పిల్లలు "దట్స్ కర్మ" అంటారు. మన పెద్దలేమో "అంతా నా ఖర్మ" అని నుదురు కొట్టుకుంటారు. నన్నడిగితే రెండూ సగం మాటలే. కర్మ అంటే చేసే పని. దాని ఫలితం ఈ జన్మలోనో, వచ్చే జన్మలోనో మనదే. అంటే ఇప్పుడు చేసే పని మన చేతుల్లో ఉన్నట్టేగా! ఆ చక్రం నుంచి విడుదలే మోక్షం.

లెమాంట్ కొండ మీద వివేకానందుల విగ్రహం కూడా ఉంది. 1893 సెప్టెంబర్ 11న చికాగోలో, ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలో, ఆయన నదులన్నీ సముద్రంలో కలిసే ఉపమానం చెప్పారు. మా అమ్మాయికి మ్యాపు తీసి చూపించాను. మా డుపేజ్ వెళ్ళి డెస్ ప్లెయిన్స్‌లో కలుస్తుంది. అది ఇల్లినాయ్ నది అవుతుంది. అరోరా ఫాక్స్ కూడా ఒట్టావా (కెనడాది కాదు, మన ఇల్లినాయ్‌దే) దగ్గర అందులోనే చేరుతుంది. అక్కణ్ణుంచి మిసిసిపీ, ఆపైన సముద్రం.

ఒట్టావా మాకు గంట ప్రయాణం. వేసవిలో పిల్లలతో వెళ్ళిరండి. పులిహోర కట్టుకెళ్ళడం మరవకండి.