డెబ్బైల్లో కనబడే మతిమరుపు యాభైల్లోనే మొలకెత్తుతుంది

ఈరోజు ధరలు, తెగుళ్లు కాదు, మన తలకాయ గురించి రాస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. నలభై దాటినవాళ్లు తప్పకుండా చదవండి.

ఇంట్లో పెద్దవాళ్లు మర్చిపోతుంటే మనం ఏమంటాం? "వయసైపోయింది, చాదస్తం" అంటాం. తాళంచెవి ఎక్కడో పెట్టి వెతుక్కోవడం వయసుతో వచ్చేదే. కానీ తాళంచెవి చేతిలో పెడితే అది దేనికో తెలియకపోవడం, ఏళ్లతరబడి నడిచిన పొలం దారి తప్పడం, తిన్న అరగంటకే అన్నం పెట్టలేదనడం, ఇవి వయసు కాదు, జబ్బు. దీన్ని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్. ఇది పట్నం జబ్బు అనుకోకండి. 2023లో వచ్చిన సర్వే లెక్క ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పట్నాల కంటే పల్లెల్లోనే ఎక్కువ.

మా అమ్మకు ఇది వచ్చి నాలుగేళ్లు. పదేళ్ల కిందట అమ్మేసిన గేదె ఈనిందా అని రోజూ అడుగుతుంది. చెవికమ్మలు తనే బియ్యం డబ్బాలో దాచి కోడలు తీసిందంటుంది. చుట్టుపక్కలవాళ్లు "ముసలామె నాటకాలు" అన్నారు. నా భార్య ఎన్నిసార్లు ఏడ్చిందో. డాక్టరు గారు జబ్బు పేరు చెప్పిన రోజు ఆమెకు సగం బరువు దిగింది. "నన్ను అనేది అత్తయ్య కాదండీ, ఆ జబ్బు" అంది. పేరు తెలియడం వల్ల జబ్బు తగ్గదు గానీ, ఇంట్లో మనసులు విరగకుండా ఉంటాయి.

నాకిప్పుడు 54. అమ్మకొస్తే నాకూ తప్పదా అని చదవడం మొదలుపెట్టా. తల్లికో తండ్రికో ఉంటే ముప్పు కొంత పెరుగుతుంది, కానీ వచ్చితీరుతుందని లేదు. అసలు సంగతి ఏమిటంటే, ఈ జబ్బులో మెదడులో రెండు రకాల ప్రోటీన్లు పేరుకుంటాయి. అమిలాయిడ్ కణాల బయట గడ్డకడుతుంది, టౌ కణాల లోపల చిక్కులు పడుతుంది. ఇది మతిమరుపు బయటపడడానికి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. అంటే డెబ్బైలో పడిపోయేవాడికి యాభైలోనే వేరుపురుగు పట్టినట్టు. పైకి పైరు పచ్చగానే ఉంటుంది.

మందు రాలేదా అంటారా? వచ్చింది. 2023లో అమెరికాలో లెకానెమాబ్ అనే మందుకు పూర్తి అనుమతి ఇచ్చారు. అప్పట్లో రెండు వారాలకోసారి నరానికి ఎక్కించేవారు. జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లకే. 18 నెలల పరీక్షలో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది, అంతే, ఆగలేదు. మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయేమోనని ఎమ్మారై తీస్తూ ఉండాలి. మనలాంటి వాళ్లకు అందేది కాదు ఇప్పట్లో.

మరి మన చేతిలో ఏముంది? 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం 14 కారణాలు చెప్పింది. అవన్నీ సరిచేస్తే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో ఆలస్యం చేయడమో వీలవుతుందట. అందులో బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగ, అతిగా తాగడం, ఒళ్లు కదపకపోవడం, తలకు దెబ్బ, చెవుడు, చూపు తగ్గడం, ఒంటరితనం ఉన్నాయి. ఏది మనకు కొత్త?

బీపీ సంగతే చూడండి. తల తిరగడం తగ్గగానే మాత్ర మానేస్తాం. బీపీకి నొప్పి ఉండదు, లోపల మెదడు నరాల్ని తింటూ ఉంటుంది. రైతుకి వ్యాయామం ఎందుకు అంటాం. ఒకప్పుడు నిజమే. ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది, గట్టు దాకా కూడా బండి మీదే పోతున్నాం. ఆ బండి మీద హెల్మెట్టూ ఉండదు.

చెవుల విషయం ఎవరూ పట్టించుకోరు. ట్రాక్టరు, నూర్పిడి మిషను, పవర్ స్ప్రేయర్ మోతలో ఏళ్లకేళ్లు ఉంటాం. దూది పెట్టుకుంటే పెద్దగా ఆగదు, ఇయర్ ప్లగ్గులు కావాలి. చెవుడొచ్చిన మనిషి నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు, మాట తగ్గుతుంది, మెదడుకి పని తగ్గుతుంది. అమెరికాలో 70 దాటిన 977 మందిని మూడేళ్లు చూశారు. అందరినీ కలిపి చూస్తే వినికిడి మిషనుతో తేడా కనిపించలేదు. కానీ ముప్పు ఎక్కువున్నవాళ్లలో మాత్రం తెలివి తగ్గడం సగం దాకా నెమ్మదించింది.

పెద్ద చదువులు లేవని దిగులుపడకండి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి చెప్పింది. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. భాషే మందు అని దీనర్థం కాదు గానీ, మెదడుకి పని పెట్టడానికి బడే అక్కర్లేదు. కోత మిషన్లతో వచ్చే హిందీ వాళ్లతో రెండు ముక్కలు మాట్లాడండి, నవ్వితే నవ్వనీ.

నేను అడిగేది ఇంతే. ఈ వారం పీహెచ్‌సీకి వెళ్లి బీపీ, షుగరు చూపించుకోండి. మాత్ర రాస్తే డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఇంట్లో పెద్దవాళ్లకి మతిమరుపు కనిపిస్తే భూతవైద్యుడి దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బీ12 తగ్గినా, థైరాయిడ్ ఉన్నా, దిగులు జబ్బు ఉన్నా మతిమరుపు వస్తుంది, వాటికి వైద్యం ఉంది. వాళ్లతో వేలిముద్ర వేయించుకుని పొలం కాగితాలు మార్చుకునే పని మాత్రం ఎవరూ చేయకండి, చేస్తుంటే చూసీ ఊరుకోకండి.

రచ్చబండ దగ్గర మాటాపలుకూ లేకుండా ఒంటరిగా కూర్చున్న పెద్దాయన ఉంటే, పక్కన కూర్చుని ఆయన కాలంలో ఏ పైరు వేసేవారో అడగండి. ఆయనకీ మంచిది, మనకీ మంచిది.