ఐదు తెడ్లు ఒక్కసారే పడాలి

ఏటా డిగ్రీ మొదటి సంవత్సరం క్లాసులు మొదలవడం ఆలస్యం, మా ఎన్‌సీసీ గది ముందు పిల్లలు గుమిగూడతారు. నేవల్ వింగ్ కావాలన్నవాళ్లని ఓ పక్కకి పిలిచి ఒక్కటే అడుగుతాను: ‘ఆర్మీ వింగ్ ఉందిగా, ఇదే ఎందుకు?’ ఎక్కువమంది దగ్గర ఒకటే జవాబు: ‘సి సర్టిఫికెట్ సార్.’ ఆశ మంచిదే. ఆ సర్టిఫికెట్‌కి సైన్యం ఎంపికల్లో విలువుంది, నేను కాదనను. కాకపోతే అది చేతికొచ్చేది మూడో ఏట. ఈలోగా ఆదివారం తెల్లారకముందే లేచి హార్బర్ దాకా రావాలంటే కాగితం మీద ఆశ చాలదు, పడవ మీద మోజు పుట్టాలి. ఆ మోజు పుట్టించడమే నా పని.

నేను విశాఖలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. కాలేజీలో నేవల్ వింగ్ ఏఎన్‌ఓని, అంటే క్యాడెట్ల బాధ్యత మోసే లెక్చరర్‌ని. అందుకోసం నాగపూర్ దగ్గర కామఠీలో శిక్షణ తీసుకున్నాను. అంతకుముందు ఇదే ఊళ్లో క్యాడెట్‌ని. ఎన్‌సీసీ చట్టం 1948లో వచ్చింది, నేవల్ వింగ్ 1952లో మొదలైంది. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం కాబట్టి మా ఊరి పిల్లలకి ఓడలు కొత్త కాదు. డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి లోపలికొచ్చే ఓడల్ని చూస్తూ పెరుగుతారు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కి ఫొటోలు దిగుతారు. చూడడం వేరు, తెడ్డు పట్టడం వేరు.

ఎంపిక రోజున పరుగు, పుష్‌అప్‌లు, ఎత్తు కొలవడం, నాలుగు ప్రశ్నలు. కండలు చూసి మేం తీసుకుంటామని చాలామంది అనుకుంటారు. నేను చూసేది వేరు. పరుగులో వెనకబడ్డ కుర్రాడు ఆపేస్తాడా, ఆయాసపడుతూనైనా చివరిదాకా వస్తాడా? వచ్చినవాడి పేరు పక్కన టిక్కు పెట్టుకుంటాను.

‘ఈత రాదు సార్, పనికొస్తానా?’ అని అడిగేవాళ్లూ ఉంటారు. రండి. పాడేరు వైపు నుంచి ఓ అమ్మాయి వచ్చింది. మొదటిరోజు నడుములోతు నీళ్లలో నా చెయ్యి వదల్లేదు. ఈత నేర్పింది మా యూనిట్‌లో పీఐ స్టాఫ్‌గా, అంటే శిక్షకుడిగా ఉన్న చీఫ్ పెటీ ఆఫీసర్. ఆయన పద్ధతిలో చేతులు ఆడించడం తర్వాత సంగతి. ముందు వెల్లకిలా నీళ్లమీద పడుకోవాలి, చెవులు మునగాలి, ఆకాశం చూస్తూ ఊపిరి నెమ్మదిగా తీసుకోవాలి. ‘నీళ్లని కొట్టకు బేటీ, నమ్ము’ అనేవాడు. తేలడం వచ్చినవాడికి భయం సగం పోతుంది. ఆ అమ్మాయి మూడో ఏడు వచ్చేసరికి అమ్మాయిల జట్టులో బో తెడ్డు పట్టింది. బో అంటే పడవ ముక్కు దగ్గర కూర్చునే మనిషి. జెట్టీకి చేరేటప్పుడు ముందుగా తాడు అందుకోవాల్సింది అక్కడివాళ్లే.

ఇక మా అసలు బడి వేలర్. 27 అడుగుల పడవ, ఐదు తెడ్లు, వెనక చుక్కాని దగ్గర కాక్స్‌వైన్. ఒక పక్క మూడు తెడ్లు, ఇంకో పక్క రెండు. లాగేవాళ్లంతా పడవ వెళ్లే దిక్కుకి వీపుపెట్టి కూర్చుంటారు. ముందేముందో కాక్స్‌వైన్‌కే తెలుస్తుంది. అతని మాటే నీ కళ్లు. అతనికి ఎదురుగా కూర్చునేవాడు స్ట్రోక్, వాడి లయే అందరి లయ. ‘గివ్ వే టుగెదర్’ అనగానే ఐదు తెడ్లూ ఒకేసారి నీళ్లలో పడాలి.

కొత్తవాళ్లు చేసేది ఒకటే, చేతులతో లాగుతారు. పది లాగుళ్లకే భుజాలు పట్టేస్తాయి. నడుం ముందుకి వంచు, చేతులు చాపు, తెడ్డు రెక్కని నిలువుగా దించు, పాదాలు స్ట్రెచర్‌కి (కాళ్లు ఆనించే అడ్డపట్టీకి) తన్నిపెట్టి ఒంటి బరువు మొత్తం వెనక్కి వెయ్యి. చేతులు ఆఖర్న మడుస్తావు, అంతే. తెడ్డు పైకి రాగానే మణికట్టు తిప్పి రెక్కని బల్లపరుపుగా చెయ్యాలి, లేకపోతే ఎదురుగాలి దాన్ని పట్టుకుంటుంది. రెక్క మరీ లోతుగా దిగితే పైకి రాదు, పిడి వచ్చి గుండెకి తగులుతుంది. దాన్ని ‘క్రాబ్’ అంటాం. ఒకడికి క్రాబ్ పడితే జట్టు మొత్తం ఆగుతుంది. తన ముందున్నవాడి వీపు చూస్తూ లాగినవాడికి అది చాలా అరుదు. అరచేతుల్లో పొక్కులు లేస్తాయి, చిదమకండి. రెండు మూడు వారాల్లో ఆ చోట చర్మం గట్టిపడుతుంది.

అందరికంటే బలమైన ఐదుగురు కుర్రాళ్లని ఓ ఏడు జట్టుగా వేశాం. చిన్నగా, సన్నగా ఉన్న ఇంకో జట్టు వాళ్లని సులువుగా దాటేసింది. బలమైనవాళ్లు ఎవరి లాగుడు వాళ్లు లాగారు. చిన్నవాళ్లు మెస్‌లో అన్నం దగ్గర కూడా బల్ల మీద చేత్తో స్ట్రోక్ లయ కొట్టుకుంటూ కూర్చునేవాళ్లు. నేను ఎవరికీ చెప్పలేదు, వాళ్లే కనిపెట్టుకున్నారు. అప్పట్నుంచి మా కొత్త జట్లన్నిటికీ అదే పాఠం.

పడవ దింపే ముందు ప్లగ్ చూసుకోవాలి. అడుగున నీళ్లు పోవడానికి ఉండే రంధ్రానికి బిరడా అది. ఒక క్యాంపులో ఓ జట్టు ఉత్సాహంలో అది మరచి బయల్దేరింది. కాసేపటికి కాళ్ల కింద తడి, తర్వాత మడమలదాకా నీళ్లు. వాళ్లలో ఒకడు టోపీతో తోడుతుంటే మిగతావాళ్లు గట్టుకి లాగారు. ప్రమాదమేమీ కాలేదు. అప్పట్నుంచి మా దగ్గర రివాజు: కాక్స్‌వైన్ ప్లగ్‌ని చేత్తో తాకి, గట్టిగా చెప్పాకే పడవ కదలాలి.

ఇక తాడు ముళ్లు. కొన్నే నేర్చుకో, కళ్లు మూసుకుని వెయ్యగలగాలి. బోలైన్ మొదటిది: ఉచ్చు ఎంత లాగినా బిగుసుకోదు, పని అయ్యాక చేత్తో విప్పేయొచ్చు. మా చీఫ్ కళ్లకి తువ్వాలు కట్టి వేయించేవాడు. చీకట్లో, వానలో తాడు పట్టాల్సిన రోజు ఆ తువ్వాలు విలువ తెలుస్తుంది. జెండాలతో అక్షరాలు పంపే సెమాఫోర్‌లో పిల్లలు తికమకపడేది ఒక్కచోటే. జెండాలు ఊపేవాడు ఎదురుగా ఉంటాడు, వాడి కుడి నీకు ఎడమ. అందుకే మొదటి వారం పంపేవాడి వెనక నిలబెట్టి చదివిస్తాను, తర్వాతే ఎదురుకి పంపుతాను. ఏ నుంచి జీ దాకా ఒక చేత్తోనే అయిపోతాయి, ముందు అవి రానీ.

గాలి సంగతి నాకు నేర్పింది ఏ పుస్తకమూ కాదు. పెద జాలరిపేటలో ఓ పెద్దాయన ఉండేవాడు. అలల మీద ముడతలు చూసి గాలి ఎటు మళ్లబోతోందో చెప్పేవాడు. ‘బాబూ, నీళ్లు ముందే చెప్తాయి, నువ్వు చూడవు’ అనేవాడు. తెరచాప పడవల దగ్గర మా పిల్లలకి నేను చెప్పే సగం మాటలు ఆయనవే.

జాలరి ఇళ్ల పిల్లలు ఈ వింగ్‌లో ఇంకా ఎక్కువమంది ఉండాలని నా కోరిక. సరిహద్దు, తీర జిల్లాల్లో ఎన్‌సీసీని విస్తరిస్తామని 2020లో కేంద్రం ప్రకటించినప్పుడు, కొత్తగా చేరే లక్షమందిలో మూడోవంతు అమ్మాయిలుంటారని చెప్పింది. ఆ మాట మా తీరంలో ఇల్లిల్లూ చేరాలి. పుట్టినప్పట్నుంచి సముద్రం ఎరిగిన పిల్లలకి ఓడ మెట్లు ఎక్కే దారి చూపించాల్సింది మనమే.

ఇక నీకు. ఈ ఏడు చేరాలనుకుంటే మొదటి నెలలోనే మీ కాలేజీ ఏఎన్‌ఓని కలువు. సీట్లు తక్కువ, రెండో ఏట అడిగితే లాభం లేదు. రెండేళ్లకి బి, మూడేళ్లకి సి పరీక్ష. పెరేడ్‌లకి హాజరు 75 శాతం కంటే తగ్గితే కూర్చోనివ్వరు, క్యాంపులూ తప్పనిసరి. అమ్మానాన్నల్ని ఒకసారి తీసుకురా, నీళ్ల సంగతి నేనే వాళ్లతో మాట్లాడతాను. మొదటి పెరేడ్‌కి గోళ్లు కత్తిరించుకుని, జుట్టు పొట్టిగా చేయించుకుని, మీటరున్నర తాడు ముక్క ఒకటి జేబులో వేసుకుని రా.