క్రిస్మస్ తాత సమాధి, మన గోధుమలు

2017 అక్టోబరులో టర్కీలోని దెమ్రెలో, సెయింట్ నికొలాస్ చర్చి నేల కింద ఆయన సమాధి ఉండొచ్చని అక్కడి పురావస్తు అధికారులు చెప్పారు. రాడార్ సర్వేలో బయటపడిన మాట. 4వ శతాబ్దపు ఆ బిషప్పే మన క్రిస్మస్ తాతకు మూలం. ఇక లోకమంతా జోకులే. తాత పోయాడు, పిల్లలకు చెప్పకండి అని. నేనూ నవ్వాను.

కొత్తపట్నంలో టీకొట్టు దగ్గర అదే జోకు ఇంకోలా వినపడింది. "మీ తాత పోయాడంటగా సార్, ఇక మీకు గోధుమలూ పాలపిండీ ఎవరు పంపుతారు?"

ఇది నికొలాస్ మీద జోకు కాదు, పల్లె మీద జోకు. పేదింటి ముగ్గురాడపిల్లల కట్నానికి ఆయన రహస్యంగా బంగారం ఇచ్చాడని కథ. కట్నమిచ్చినాయన సెయింటు, మట్టి మోసిన మనం గోధుమల క్రైస్తవులం! అమెరికా గోధుమలంటారా, పీఎల్ 480 కింద 1950ల నుంచి దేశమంతా తింది. అగ్రహారాలూ తిన్నాయి.

ఒంగోలు నుంచి కొత్తపట్నం వచ్చేటప్పుడు బకింగ్‌హాం కాలువ దాటతాం కదా. 1876-78 కరువులో ఆ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పనిని క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మనవాళ్లు తవ్వారు, మోశారు, కూలి తీసుకున్నారు. దానం కాదు, కూలి. కూటికోసం కలిశారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో ఆయన బాప్తిస్మాలే ఆపేశాడు. కాలువ పని అయిపోయాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగారు.

ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కూడా కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని.