కొండపల్లి కొండయు, పొణికి చెట్టును

కృష్ణానది పేరు వినినంతనే మనకు పచ్చని వరిచేలును, నిండు కాలువలును మనసున మెదలును. ఆ నదికి కొలది మైళ్ల దూరముననే, కరకురాళ్లతో, ముళ్లపొదలతో నిండి, వేసవి సోకునప్పటికి చెట్లపై ఆకు నిలువని కొండయడవి యొకటి కలదనిన, డెల్టాలో పుట్టి పెరిగిన సోదరీమణులు పలువురు నమ్మకపోవచ్చును. బెజవాడకు వాయవ్యముగా సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న కొండపల్లి రక్షితారణ్య మదియే.

గడచిన ఫాల్గుణమున మా వారికి బడి సెలవులు రాగా, పిల్లలను వెంటగొని మేము ఆ చోటు చూడబోయితిమి. ముందుగా ఇబ్రహీంపట్నమున దిగి, పవిత్రసంగమమున నదీస్నానము చేసితిమి. వానకాలమున పట్టిసీమ యొద్ద తోడిన గోదావరిజలము పోలవరము కుడికాలువ మీదుగా వచ్చి ఇచ్చటనే కృష్ణలో గలియును. ఈ యేర్పాటు 2015లో మొదలైనది. దిగువన 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి నీటిని నిలుపుటచే, ఇచ్చట నది చెరువువలె నిండియుండును.

ఇంత నీటి చెంత నుండియు కొండకు మాత్రము చుక్కయైనను దక్కదు. నది పల్లమును వెదకుకొనుచు బోవునే గాని మిట్ట నెక్కదు గదా! ఘాటురోడ్డున పైకి బోవుచుండగా ఇరుప్రక్కల ఎండుటాకులు గలగలలాడుచుండెను. కావ్యములలో వసంతమనగా చిగురులును, కోయిలలును. ఇచ్చటి వసంతమున మోడులనడుమ మోదుగపూవు నిప్పువలె వెలుగుటయే శోభ.

కొండపైని కోటను 14వ శతాబ్దమున రెడ్డిరాజులు కట్టించిరి. అది గజపతుల వశమైన పిదప, 1515–16 దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు గైకొనెను. 1766లో ఆంగ్లేయుల చేతబడగా, మరుసటియేట వారు సైనికశిక్షణాలయము నెలకొల్పి 1859లో ఎత్తివేసిరి. "నది అంత దూరాన ఉంటే రాజులు నీళ్లకేం చేసేవారమ్మా?" అని మా చిన్నది యడిగినది. వాననీటిని పట్టి నిలుపుకొను కోనేటిని దానికి చూపితిమి. ఉన్నంతలో పొదుపుగా గడుపుకొనుట కోటకును తప్పినది కాదు.

ఈ పొదుపు నెరిగిన చెట్టే తెల్లపొణికి. రాతినేలలో వేరూని, ఎండలకు ఆకురాల్చి, వానలకై వేచియుండును. పెరుగుట కేండ్లు పట్టును గాని, దాని కొయ్య మిక్కిలి తేలిక. మెత్తగా ఉలికి లొంగును. కాలువగట్టున పెరుగు చెట్టు గాదది. మన బొమ్మల కొలువులోని అంబారీ యేనుగు, దశావతారములు, తాడిచెట్టెక్కు గీతగాడు, అన్నియు దీని బిడ్డలే.

కొండ దిగి గ్రామములోని బొమ్మల వీథికి బోయితిమి. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని యచ్చటి పనివారు చెప్పుకొందురు. మరుభూమికి పేరొందిన ఆ దేశమువారికి ఎండిన కొండలోని చెట్టు విలువ సులువుగనే తెలిసియుండునని మాకు తోచినది. కొయ్యను తడి లేకుండ ఆరబెట్టి, నిప్పుసెగ జూపి చెక్కుదురు. చేతులు, తల, మొండెము వేరువేరుగ జేసి, చింతగింజలపిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. పిదప సున్నము పూసి, మేకవెండ్రుకల కుంచెతో రంగు దిద్దుదురు. ఈ రంగుపని చాలయిండ్ల స్త్రీలదే.

కృష్ణుని కనుబొమ్మ దిద్దుచున్న యొక యిల్లాలిని పలుకరించితిమి. "మా మామగారి రోజుల్లో కొయ్య కొండమీదే దొరికేదమ్మగారూ. ఇప్పుడు దూరాన్నుంచి తెప్పించుకోవాలి. ధర చెప్తే కొనేవాళ్లు బేరమాడతారు" అని యామె తలయెత్తకయే పలికినది. మేము బేరమాడబోయి యూరకుంటిమి.

చెట్టు తరిగిన బొమ్మ తరుగును. బొమ్మ తరిగిన ఆ యింటి పొయ్యి చల్లారును. అటవీశాఖవారు పొణికిమొక్కలు పెంచుచునే యున్నారు. కాని నాటిన మొక్క నేడే కొయ్య కాజాలదు. మరియొక ప్రక్క ఈ యడవియంచున అక్రమముగ కంకర తవ్వుచున్నారను ఆరోపణలు 2021లో పత్రికల కెక్కినవి. మొక్క మరల మొలచును గాని, తవ్విన కొండ మొలవదు.

నిండునదికి పసుపుకుంకుమల నర్పించు మనము, దాని ప్రక్కనే దాహముతో నిలిచిన కొండను బీడని తలంపరాదు. పాడిపంటలు నది యిచ్చినది. పిల్లల చేతికి ఆట నిచ్చినది ఈ కొండ. సోదరీమణులారా, రానున్న కొలువునకు ఒక్క బొమ్మయైనను పనివారియొద్దనే, వారి కష్టమునకు తగిన వెల యిచ్చి కొనుడు. అది యే చెట్టుకొయ్యయో పిల్లలకు పేరు చెప్పుడు. పేరు తెలిసిన చెట్టును నరకుచుండగా చూచి యూరకుండుట ఎవరికిని సులభము గాదు.