ఒక్క ప్లగ్గు మార్చడానికి మూడు గంటలా?

ఆయుధపూజకి ముందురోజు వాటర్ సర్వీసింగ్ దగ్గర ఎంత రద్దీ ఉంటుందో, పండగ మర్నాడు మెకానిక్ షెడ్డు దగ్గర అంత రద్దీ ఉంటుందట. ఆత్మకూరులో ఓ మెకానిక్ భాయ్ చెప్పిన మాట ఇది. (నెల్లూరు జిల్లా ఆత్మకూరు లెండి. శ్రీశైలం దారిలో ఉండే ఆత్మకూరు కాదు.)

బండి కడగడం మంచిదే. పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేదాకా ఎవరికీ పేచీ లేదు. చిక్కల్లా బానెట్ ఎత్తి, "తమ్ముడూ, ఈడ కూడా కొంచెం కొట్టు" అనడంతోనే మొదలవుతుంది. అలా అనేవాళ్ళని తప్పు పట్టడానికీ లేదు. అదంతా మెట్ట ప్రాంతం. అటు ఉదయగిరి వెళ్ళొచ్చినా, ఇటు సోమశిల వెళ్ళొచ్చినా బానెట్ కింద ఎర్రదుమ్ము ఒక పొర పేరుకుంటుంది. దానికి తోడు ఎండుటాకులు, ఎలుకలు. చూస్తే కడగాలనే అనిపిస్తుంది. పైగా మోటారు పెట్టి కొడితే రెండు నిమిషాల్లో తళతళలాడిపోతుంది.

మా బాబాయి కారుక్కూడా అదే జరిగింది. బాబాయి రిటైరైన మాస్టారు. కారు ఏడేళ్ళ నాటి పెట్రోలు బండి. కడిగించిన సాయంత్రం బాగానే ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే బండంతా వణుకుడు. సీట్లో కూర్చుంటే ట్రాక్టరెక్కినట్టుంది. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోకుండా ముక్కుతోంది. పైగా మీటర్ల మధ్య పసుపురంగు ఇంజిన్ బొమ్మ మిణుకుమిణుకుమంటోంది.

ఇంకో రెండ్రోజుల్లో పిన్నికి నెల్లూరులో కంటి ఆపరేషన్. సుమారు 60 కిలోమీటర్లు. బాబాయి తనకు తెలిసిన ఒక గ్యారేజీకి ఫోన్ చేస్తే, అవతలాయన బండి చూడకుండానే తేల్చేశాడు. నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగ్. పదహారు వేలు. సామాను నెల్లూరు నుంచి రావాలి కాబట్టి మూడు రోజులు.

"ఏం చేస్తాం రా, ఇచ్చేద్దాం. పిన్నిని బస్సులో తీసుకుపోదాం" అన్నాడు బాబాయి.

నాకు ఒకటే సందేహం. నిన్నటిదాకా శుభ్రంగా నడిచిన బండిలో నాలుగు కాయిల్సూ ఒకే రాత్రి ఎట్లా చస్తాయి? మన ఆఫీసుల్లో ఎన్నిసార్లు చూళ్ళేదూ! శుక్రవారం రాత్రి రిలీజు వెళ్తుంది, శనివారం పొద్దున సైటు పడిపోతుంది. అప్పుడు "ఏ సర్వర్ మారుద్దాం?" అని ఎవరూ అడగరు. "రాత్రి ఏం మారింది?" అని అడుగుతారు. ఇక్కడ మారింది ఒక్కటే, నీళ్ళు.

ఇక్కడ కొంచెం ఇంజిన్ సంగతి చెప్పాలి. ఈ కాలపు పెట్రోలు కార్లలో చాలావాటికి ప్రతి సిలిండర్ నెత్తిన ఒక కాయిల్ ఉంటుంది. స్పార్క్ ప్లగ్గు ఇంజిన్ తల మధ్యలో, జానెడు లోతున్న సన్నటి బావిలాంటి దాంట్లో అడుగున కూర్చుని ఉంటుంది. కాయిల్ నుంచి ఒక రబ్బరు తొడుగు ఆ బావిలోకి దిగి ప్లగ్గుని పట్టుకుంటుంది. బావి మూతి దగ్గర రబ్బరు సీలు ఉంటుంది గానీ, ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడి బిగువు పోతుంది. పైనుంచి ఒత్తిడితో నీళ్ళు కొడితే కొద్దిగా లోపలికి దిగుతాయి. దిగిన నీళ్ళకి బయటికి దారి ఉండదు.

కాయిల్ ఇచ్చేది వేల వోల్టులు. ఆ కరెంటు ప్లగ్గు చివరున్న సందు దాటి దూకాలి, అదే నిప్పురవ్వ. కానీ ప్లగ్గు మీది తెల్ల పింగాణీ తడిసి ఉంటే అంత కష్టపడి దూకడం ఎందుకు? పింగాణీ పైనుంచే జారి పక్కనున్న లోహంలోకి పోతుంది. లోపల రవ్వ లేదు కాబట్టి ఆ సిలిండర్లో పెట్రోలు మండదు. నలుగురు మోసే పల్లకీలో ఒకడు భుజం దించేస్తే ఎలా ఉంటుందో బండి అలా నడుస్తుంది. స్వచ్ఛమైన నీటిలో కరెంటు అంతగా పోదు. దుమ్ము, సబ్బు కలిసిన నీటిలో బాగా పోతుంది. ఉప్పుగాలికి తీరం పక్క కరెంటు లైన్ల ఇన్సులేటర్లు మురికి పట్టి, మంచు పడ్డ తెల్లవారుజామున ట్రిప్ అవడం కూడా ఇదే కథ.

ఇహ ఆ పసుపు దీపం. అది నిలకడగా వెలుగుతుంటే "వీలు చూసుకుని చూపించుకో" అని అర్థం. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం "ఇక తోలొద్దు" అని. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలున్న తేనెపట్టులాంటి పింగాణీ కరిగిపోతుంది. అది మార్చాలంటే ఆ పదహారు వేలు ఏ మూలకీ చాలవు. "ఎట్టాగో నెల్లూరుదాకా లాగిద్దాం" అనుకోకుండా బండి ఆపెయ్యమన్నది అందుకే.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అమెరికాలో 1996 నుంచే ఉంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్లో చిన్న బ్లూటూత్ ముక్క గుచ్చితే ఇంజిన్ కంప్యూటర్ రాసుకున్న లాగ్ ఫోన్లో కనపడుతుంది. నా బ్యాగులో అదెప్పుడూ ఉంటుంది. గుచ్చితే వచ్చింది: పి0302. అంటే రెండో సిలిండర్లో మిస్‌ఫైర్. (ఒకటో సిలిండర్ అంటే మామూలుగా టైమింగ్ చైన్ లేదా బెల్టు ఉన్న వైపుది. మనం నిలబడ్డ వైపు నుంచి లెక్క కాదు.)

దీనికి తమాషా ఏంటంటే, కంప్యూటర్ ఏ సిలిండర్లోకీ తొంగిచూడదు. అది చూసేది క్రాంక్ తిరిగే వేగాన్ని. ఒక్కో సిలిండర్ మండినప్పుడల్లా క్రాంక్‌కి ఒక తోపు తగలాలి. రెండో సిలిండర్ వంతులో తోపు తగలక వేగం రవ్వంత తగ్గితే, దాని పేరు రాసేసుకుంటుంది. అంటే ఎవరు పని చెయ్యట్లేదో చెబుతుంది గానీ ఎందుకు చెయ్యట్లేదో చెప్పదు. కాయిల్ కావచ్చు, ప్లగ్గు కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కనెక్టర్లో తడి కావచ్చు. కోడ్ చూసి పార్టు కొనేవాళ్ళు ఎర్రర్ మెసేజ్ చూసి సర్వర్ కొనేవాళ్ళలాంటివాళ్ళే.

సాయంత్రానికి మెకానిక్ భాయ్ వచ్చాడు. నా ఫోన్ చూడలేదు. ఇంజిన్ ఆడుతుండగా ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ ఊడదీసి మళ్ళీ పెడుతూ పోయాడు. ఒకటి తీస్తే బండి ఇంకా వణికింది. రెండోది తీస్తే ఏమీ మారలేదు. మూడు, నాలుగు తీస్తే మళ్ళీ వణికింది. "రెండోది సార్, పన్జెయ్యడం లేదు" అన్నాడు. అప్పుడు ఫోన్ చూపిస్తే నవ్వి, "ఇంక ఇద్దరం చెప్పినాం గదా, ఇప్పుదాం" అన్నాడు.

ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, 10 నంబరు స్పానర్‌తో రెండో కాయిల్ తీశాడు. రబ్బరు తొడుగు తడిగా వచ్చింది. టార్చి వేస్తే బావి అడుగున చెంచాడు నీళ్ళు. ఇక్కడ భాయ్ చేసిన పని చూడండి. ప్లగ్గు విప్పలేదు. నీళ్ళుండగా ప్లగ్గు విప్పితే అవన్నీ నేరుగా సిలిండర్లోకి పోతాయి. ముందు గుడ్డ దూర్చి తడి లాగి, పక్కన పంచర్ షాపు కంప్రెసర్ నుంచి గాలి కొట్టాడు. అదీ ముందు రెండు క్షణాలు బయటికి వదిలి, ఎందుకంటే ఆ గాలి పైపులోనూ నీళ్ళుంటాయి. మిగతా మూడు బావులూ చూశాడు, పొడిగా ఉన్నాయి. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే బండి నిశ్శబ్దంగా నిలబడింది. బాబాయి మొహం వెలిగిపోయింది.

"ఇంకా అయిపోలా సార్. ఎత్తు ఎక్కించి చూడాల" అన్నాడు భాయ్.

కోడ్ చెరిపేసి ఉదయగిరి దారిలో కొంత దూరం వెళ్ళాం. సమంగా ఉన్నచోట బాగానే ఉంది. నాలుగో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు మళ్ళీ ముక్కింది. మళ్ళీ అదే పి0302.

దీనికి కారణం నాకు చాలా నచ్చింది. బండి బరువు లాగేటప్పుడు సిలిండర్లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు సందు దాటడానికి ఎక్కువ వోల్టులు కావాలి. బయట పింగాణీ మీది దొంగదారికి ఆ ఒత్తిడితో సంబంధం లేదు, దాని కష్టం అంతే ఉంటుంది. అంచేత ఊరికే నిలబడి ఆడేటప్పుడు అసలు దారిన పోయిన కరెంటు, ఎత్తు రాగానే దొంగదారి పడుతుంది. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్‌లో పాసై, లోడ్ పడగానే పడిపోయే ప్రోగ్రామన్నమాట :)

వెనక్కొచ్చి, చల్లారాక రెండో కాయిల్ తీసి మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో పెట్టాం. మళ్ళీ అదే ఎత్తు. కోడ్ పి0303 వస్తే కాయిల్‌దే దోషం. రాలేదు, పి0302 అనే వచ్చింది. అంటే కాయిల్ నిర్దోషి. తర్వాత రెండో ప్లగ్గుని నాలుగోదాంట్లోకి మార్చాం. ఈసారి పి0304 వచ్చింది. దోషం ప్లగ్గు వెంట పోయింది. తీసి దీపం కింద చూస్తే, తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు వెంట్రుకంత నల్లగీత. తడి మీదుగా కరెంటు పారినప్పుడు కాలిన జాడ అది. నీళ్ళు పోయినా ఆ గీత మిగిలింది. ఇప్పుడు దారి అదే. కొత్త ప్లగ్గు ఒకటి స్పేర్ పార్టుల షాపులో దొరికింది. వేశాక ఎత్తు మీద కూడా బండి కిక్కురుమనలేదు. ఎల్లుండి పిన్ని అదే కారులో నెల్లూరు వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ప్లగ్గు 250 రూపాయలు. పనికి ఎంత అంటే భాయ్ 600 అన్నాడు. బాబాయికి రుచించలేదు. "మార్చింది ఒక్క ప్లగ్గే గదయ్యా! దానికి ఆరొందలా?" అన్నాడు. పదహారు వేలు మారుమాట్లాడకుండా ఇవ్వడానికి సిద్ధపడ్డ మనిషే ఈయన!

భాయ్ గొడవ పడలేదు. "మార్చేది ఐదు నిమిషాలు సామీ. యాడ మార్చాలో చూసేదానికి మూడు గంటలు పట్టింది" అన్నాడు.

ఈ మాట మనలో ఎంతమంది ఎంతమంది మేనేజర్లతో అని ఉంటాం! మూడు రోజులు లాగ్‌లు తవ్వి, చివరికి ఒక్క లైను మారిస్తే, "ఒక్క లైనుకి మూడు రోజులా?" అని అడుగుతారు. అప్పుడు మన ఒళ్ళు మండుతుంది. అదే మనం బండి తీసుకెళ్ళినప్పుడు మెకానిక్‌ని అడిగేదీ అదే ప్రశ్న. పార్టుకి డబ్బిస్తాం, ఎందుకంటే పార్టు చేతికి కనపడుతుంది, బిల్లుంటుంది, పాతది తీసి చూపిస్తాడు. తేల్చి చెప్పినందుకు డబ్బివ్వం. "చూసినందుక్కూడా డబ్బులా?" అంటాం.

దాని ఫలితమే ఆ ఫోన్లో వినపడ్డ లెక్క. ఆ గ్యారేజీ ఆయన దొంగ అని నేననను. ఆయన మూడు గంటలు కూర్చుని ఒక్క ప్లగ్గు మారిస్తే మనం ఆ మూడు గంటలకి ఇవ్వం. పైగా వారానికి ఇంకో ప్లగ్గు పోతే "మొన్నే గదా చేశావ్" అని మీదపడతాం. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఆయనకి టైము మిగులుతుంది, మార్జిన్ మిగులుతుంది, మాట పడక్కర్లేదు. మనం దేనికి డబ్బిస్తే అదే అమ్ముతారు. మనం పార్టులకే ఇస్తున్నాం కాబట్టి పార్టులే అమ్ముతున్నారు. ఈ లెక్కలో నాలుగు మంచి కాయిల్స్ చెత్తబుట్టలోకి పోతాయి, అసలు లోపం ఏమిటో ఎవరికీ తెలియకుండానే పోతుంది.

బాబాయికి ఇదంతా చెబితే కాసేపు ఆలోచించి ఏడొందలు ఇచ్చాడు. మాస్టారు కదా, తప్పు దిద్దేవాడి టైము విలువ తెలుసు.

ఇంజిన్ కడిగించాలని మీకు మరీ ఉంటే, భాయ్ చెప్పినవి ఇవి:

వేడి మీద ఉన్న ఇంజిన్ మీద చన్నీళ్ళు కొట్టించొద్దు. కాయిల్స్, ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్, గాలి ఫిల్టర్ పీల్చే మూతి, వీటికి ప్లాస్టిక్ కవర్లు కట్టాలి. మోటారు నీళ్ళు వద్దు, తడిగుడ్డా బ్రష్షూ చాలు. కడిగాక వణికితే ముందు తడి చూడండి. తడి లేకపోతే ఒత్తిడికి ఊడిన సన్న రబ్బరు పైపులేమైనా ఉన్నాయేమో చూడండి, 'సుయ్' మని చప్పుడొస్తుంటే అదే. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులే ఉండవు కాబట్టి ఈ బావి గొడవ లేదు. అక్కడ వైరింగ్ కనెక్టర్లే చూసుకోవాలి.

ఇంకొకటి నేను కలుపుతున్నా. మెకానిక్ బండి ముట్టుకునే ముందే అడగండి, "ఏం పోయిందో తేల్చి చెప్పడానికి ఎంత తీసుకుంటావన్నా?" అని. నేను హైదరాబాదులో ఇద్దరు ముగ్గురిని అలా అడిగాను. మొదట వింతగా చూస్తారు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, బానెట్‌లోకి నిజంగా చూస్తారు.