కాయిలు తెచ్చిన తిప్పలు

మా సింధనూరు క్యాంపుల్లో ట్రాక్టరు విప్పి బిగించగల మేస్త్రీలకు కొదవలేదు గాని, 1993 వేసవిలో మా పాత పెట్రోలు కారు మొరాయిస్తే వారిలో ఒక్కరికీ దాని రోగం అంతుపట్టలేదు. ట్రాక్టరు డీజిలుది గదా! గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. పెట్రోలు యింజనుకు నిప్పురవ్వ లేనిదే గడవదు.

ఆనాడు అమ్మకు ఆయాసం ఎక్కువై రాయచూరు ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. మానవికి యింకా పది కిలోమీటర్లుందనగా యింజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. రాయచూరు ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఒక బస్సు వచ్చింది గాని, కిక్కిరిసి ఉండి ఆగకుండానే పోయింది. అమ్మను వేపచెట్టు కింద కూర్చోబెట్టి, పంపులో పెట్రోలు ఆవిరైపోతున్నదనుకొని దానిమీద తడిగుడ్డ వేశాను. అరగంటకు కారు కదిలింది. నా వైద్యం ఫలించిందని మురిసిపోయాను. మూడు కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగింది. యిలా మూడుసార్లు. అమ్మ నోట మాట లేదు. ఊపిరి తీసుకోవడానికే ఆమెకు ఓపిక చాలడం లేదు.

ఎట్లాగో మానవి చేరాం. అక్కడి ముసలి మేస్త్రీ పంపు వంక చూడనే లేదు. కాయిలు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసి, “కాయిల్ హోగ్యాదరీ” అన్నాడు.

బ్యాటరీ యిచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొనల మధ్య సందు ఒక మిల్లీమీటరైనా ఉండదు గాని, రవ్వ దాన్ని దాటాలంటే వేల వోల్టులు కావాలి. కాయిలులో యినుముమీద రెండు తీగలు చుట్టి ఉంటాయి: కొంచెం లావుది కొన్ని వందల చుట్లు, వెంట్రుకవంటిది వేల చుట్లు. లావుతీగలో కరెంటు పారుతుంటే అయస్కాంతశక్తి కూడుతుంది. పాయింట్లు విడిపోయి కరెంటు తెగగానే ఆ శక్తి ఒక్కసారి కూలి, సన్నతీగలో 20,000 వోల్టుల దాకా పుట్టిస్తుంది. కరెంటు యిచ్చినప్పుడు కాక తెంచినప్పుడు రవ్వ రావడం నాకు విడ్డూరంగా తోచింది. నీళ్లు పారుతుండగా వాల్వు ఒక్కసారి మూస్తే గొట్టం అదిరిపడుతుంది చూడండి, ఆ మాదిరే.

అసలు దోషం నాది. ఏడాది కిందట కాయిలు నేనే మార్చాను. కొన్ని కాయిళ్లకు తోడుగా రెసిస్టరు ఉండి తీరాలి. వాటి లావుతీగ నిరోధం 1.5 ఓముల దరిదాపు. రెసిస్టరు అక్కరలేనివాటికి సుమారు 3 ఓములు. మా కారులో రెసిస్టరు లేదు. ధర తక్కువని నేను మొదటిరకం తెచ్చి బిగించాను. పారవలసినదానికి రెట్టింపు కరెంటు పారి, వేడికి లోపలి తీగల పూత చెడింది. చల్లారితే కాసేపు సర్దుకునేది, అంతే.

మేస్త్రీ బ్యాటరీ తీగ ఊడదీసి, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకొని, పాతది విప్పి సరైనది బిగించాడు: స్విచ్చి నుంచి వచ్చే తీగ ప్లస్సుకు, పాయింట్లకు పోయేది మైనసుకు, నడుమ లావుపాటిది. పావుగంట పని. యిప్పటి కార్లలో పాయింట్లు లేవు. చాలావాటిలో ప్రతి ప్లగ్గు నెత్తినా ఒక కాయిలు కూర్చుంటుంది. ఒక సిలిండరు మిస్సయితే, యింజను ఆపి చల్లారనిచ్చి, దాని కాయిలును పక్కదానికి మార్చి చూడండి. జబ్బు కూడా వెంట పోతే తప్పు కాయిలుదే.

పొద్దుగూకేవేళకు రాయచూరు చేరాం. ఆక్సిజను పెడుతూ డాక్టరుగారు, “యింత ఆలస్యం చేశారేం?” అన్నారు. నేను తల దించుకున్నాను.

మర్నాడు అమ్మకు ఊపిరి కుదుటపడింది. దాచలేక జరిగిందంతా చెప్పాను. అంతా విని, “ఒరే, ఆ కాయిలులో ఎంత మిగిల్చావురా?” అంది.